సముద్రపు లెక్కలు కాపాడే నీరుగంటివాళ్ళు



కోలారు, హోసూరు ప్రాంతాల్లో ఉన్న మనవాళ్ళకు చెరువు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెరువు తవ్వించినవారి పేరు శాసనంలో ఉంటుంది. ఆ తరువాత ఏటేటా కట్టకు మట్టి పోసినవాళ్ళ పేర్లు, పూడిక తీసినవాళ్ళ పేర్లు, వేళకు తూము తెరిచి మూసిన నీరుగంటి పేరు ఎక్కడా కనిపించవు. ఊరంతా కలిసి చేసుకునే ఆ మరమ్మత్తునే తమిళనాట కుడిమరామత్తు అంటారు. అది ఆగిపోయిన ఊళ్ళలో చెరువు గతి ఏమైందో మీలో చాలామంది కళ్ళారా చూసే ఉంటారు.

ఈ వేళ నేను చెప్పబోయేది మాత్రం సముద్రం కథ. సముద్రపు వేడి, ఉప్పదనం, ప్రవాహాలు, అలలు, వీటిని కొలిచి రాసుకున్న లెక్కలను దేశదేశాల శాస్త్రజ్ఞులు ఇంటర్నెట్టు మీద పంచుకుంటున్నారు. ఆ పంపకం చేసే కంప్యూటరు ప్రోగ్రాములు ఎలా పుట్టాయి, వాటికి మరమ్మత్తు ఎందుకు కావాలి అన్నదే ఈ ప్రసంగం. ఇది పట్నాల్లో చదువుకున్నవాళ్ళ గొడవ అనుకోకండి. పురీలో పెంథకట మత్స్యకారులు తెలుగువాళ్ళు. గంజాం తీరాన, యానాంలో వేటకు వెళ్ళేవాళ్ళు మనవాళ్ళు. వాళ్ళ వేటకూ ఈ లెక్కలకూ ఉన్న సంబంధం చివర చెబుతాను.

సముద్రపు లెక్కలను పంచుకోవడం ఇంటర్నెట్టుతో మొదలు కాలేదు. అమెరికా నౌకాదళంలో మాథ్యూ మోరీ అనే అధికారి ఉండేవాడు. 1839లో గుర్రపుబండి ప్రమాదంలో కాలు దెబ్బతిని, ఓడ ఎక్కే పనికి దూరమయ్యాడు. 1842లో వాషింగ్టన్‌లో పటాలూ పరికరాలూ దాచే కార్యాలయం ఆయనకు అప్పగించారు. అక్కడ దుమ్ము కొట్టుకుపోయిన పాత ఓడల దినచర్య పుస్తకాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఏ తేదీన, ఏ చోట, గాలి ఎటు వీచింది, నీరు ఎటు లాగింది అన్నీ వాటిలో ఉన్నాయి. మోరీ వాటిని కలిపి పటాలు గీయించి 1847 నుంచి ప్రచురించాడు. ఓడ కెప్టెన్లతో ఒక ఒప్పందం పెట్టుకున్నాడు. మీ దినచర్య నాకివ్వండి, పటం మీకు ఉచితంగా ఇస్తాను అన్నాడు. పటం చూసి నడిచిన ఓడలకు దూరప్రయాణాల్లో వారాల తరబడి కాలం కలిసివచ్చింది. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాలవారు సమావేశమై, ఓడల్లో లెక్కలు ఒకే పద్ధతిలో రాయాలని తీర్మానించుకున్నారు.

ఒకే పద్ధతి అని తీర్మానించుకోవడం తేలికే, నడిపించడమే కష్టం. ఒక ఉదాహరణ వినండి. 1945 ప్రాంతంలో ప్రపంచ సముద్రాల పైనీటి వేడి ఉన్నట్టుండి సుమారు 0.3 డిగ్రీలు పడిపోయినట్టు రికార్డుల్లో కనబడుతుంది. చాలాకాలం ఎవరికీ కారణం అంతు పట్టలేదు. 2008లో కొందరు శాస్త్రజ్ఞులు చిక్కు విప్పారు. యుద్ధకాలంలో ఎక్కువ కొలతలు అమెరికా ఓడలవి. వాళ్ళు ఇంజను గదిలోకి వచ్చే నీటి వేడి కొలిచేవారు. యుద్ధం ముగిశాక బ్రిటిషు ఓడల కొలతలు పెరిగాయి. వాళ్ళు బకెట్టుతో నీళ్ళు చేది కొలిచేవారు. పాతకాలపు లారీల ముందు వేలాడే కాన్వాసు నీళ్ళసంచి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, ఆ బకెట్టులో నీళ్ళూ అందుకే చల్లబడ్డాయి. సముద్రం చల్లబడలేదు, కొలిచే తీరు మారింది. అంకె పక్కన "దేనితో కొలిచాం" అన్న ఒక్క ముక్క రాసి ఉంచితే అరవై ఏళ్ళ అయోమయం తప్పేది.

1957–58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా ప్రపంచ దత్తాంశ కేంద్రాలు వెలిశాయి. ఎవరి లెక్కలు వాళ్ళు ప్రతులు తీసి ఆ కేంద్రాలకు పంపేవారు. కాగితాలు, ఆ తరువాత అయస్కాంతపు టేపులు. ఒక టేపు వచ్చి, దాన్ని చదివే యంత్రం దొరికి, అందులో ఏ గడిలో ఏముందో తెలుసుకునేసరికి నెలలు గడిచేవి.

1993లో అమెరికాలో రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ కార్నిలన్, ఎం.ఐ.టి.కి చెందిన గ్లెన్ ఫ్లియర్ల్ మరికొందరితో కలిసి వేరే దారి ఆలోచించారు. లెక్కలన్నీ ఒకచోటికి మోయడం ఎందుకు? ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి, అడిగినవాడికి అడిగినంత ముక్క కోసి ఇచ్చే ప్రోగ్రాము ఒకటి రాద్దాం అన్నారు. మన భాషలో చెప్పాలంటే, ఒక్క సర్వే నంబరు చూడడానికి ఊరి అడంగలంతా బండికెత్తించనక్కరలేదు, కరణంగారిని ఆ ఒక్క పుట అడిగితే చాలు. ఈ పద్ధతికి డాడ్స్ అని పేరు పెట్టారు. సముద్రశాస్త్రం దాటి ఇతరులూ వాడడం మొదలుపెట్టాక ఓపెన్‌డ్యాప్ అన్నారు. 2000లో ఆ పేరుతోనే, ఆ ప్రోగ్రామును కనిపెట్టుకుని ఉండడానికి లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఏర్పడింది. ప్రోగ్రాము రాయడం కన్నా ఈ సంస్థ పెట్టడమే పెద్ద పని అని నాకనిపిస్తుంది.

ఎందుకంటే పుట అడిగితే చాలదు, ఆ పుట అర్థం కావాలి. ఒకరు రేఖాంశాన్ని తూర్పుకు 180, పడమరకు 180 అని లెక్కిస్తారు. మరొకరు సున్నా నుంచి 360 దాకా చుట్టూ లెక్కిస్తారు. పడమర 30 అన్నా 330 అన్నా చోటు ఒకటే, కంప్యూటరుకు మాత్రం రెండూ వేరు. థర్మామీటరు చెడిపోయిన రోజున ఒకరు గడి ఖాళీగా వదిలేస్తారు, ఇంకొకరు 9999 అని రాస్తారు. ఆ సంకేతం తెలియని ప్రోగ్రాము సగటు కట్టిందా, బంగాళాఖాతం కుతకుత ఉడికిపోవలసిందే!

ఇక మరమ్మత్తు విలువ తెలిపిన అసలు సంఘటన. 2000 ప్రాంతం నుంచి ఆర్గో అనే పథకం కింద అనేక దేశాలు సముద్రాల్లో తేలే పరికరాలు వదులుతున్నాయి. ఒక్కొక్కటీ వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పదనాన్నీ కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతుంది. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 2006లో జాన్ లైమన్, జోష్ విల్లిస్, గ్రెగరీ జాన్సన్ ఈ లెక్కలతో ఒక పరిశోధన ప్రచురించారు. 2003 నుంచి 2005 వరకు సముద్రాల పైభాగం చల్లబడిందన్నారు. ప్రపంచమంతా వేడెక్కుతున్నదంటుంటే సముద్రం చల్లబడడమేమిటని గగ్గోలు రేగింది. కానీ ఉపగ్రహాల లెక్కలో సముద్రమట్టం పెరుగుతూనే ఉంది. తవ్వి చూస్తే, కొద్దిపాటి పరికరాల్లో సాఫ్ట్‌వేరు పొరపాటు వల్ల ఒక లోతులో కొలిచిన వేడి ఇంకో లోతు కింద నమోదైంది. అది కాక, ఓడల నుంచి జారవిడిచే పాత రకం పరికరాల లెక్కలు కొంచెం ఎక్కువ వేడి చూపిస్తున్నాయి. 2007లో ఆ శాస్త్రజ్ఞులే ముందుకు వచ్చి దిద్దుబాటు ప్రచురించారు. రెండు తప్పులూ తీసేస్తే ఆ చల్లదనం మాయమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తప్పు కొలతలను కేంద్రంలో దిద్దారు, అనుమానమున్న పరికరాల జాబితా పెట్టారు. కానీ అంతకుముందే ప్రతి తీసి తన కంప్యూటరులో దాచుకున్నవాడి దగ్గర పాత తప్పే ఉండిపోతుంది. ప్రతిసారీ మూలం నుంచే చదువుకునేవాడికి దిద్దిన అంకె అందుతుంది. మూలం దగ్గర తూము పనిచేస్తూ ఉంటేనే సుమా!

ఆ తూము పనిచేయడానికి ఎంత చాకిరీ ఉందో ఎర్డాప్ అనే ప్రోగ్రామును చూస్తే తెలుస్తుంది. కాలిఫోర్నియాలో, అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థలో పనిచేసిన బాబ్ సైమన్స్ దీన్ని రాశాడు. 2007లో వెలువడింది. ఏ రూపంలో ఉన్న లెక్కలనైనా తీసుకుని, అడిగినవాడు కోరిన రూపంలో, తేదీలన్నీ ఒకే తీరుగా మార్చి ఇస్తుంది. అనేక దేశాల సంస్థలు దీన్ని పెట్టుకున్నాయి. కానీ కింద నేల కదులుతూ ఉంటుంది. 2020 జనవరి 1తో పైథాన్ భాష రెండవ తరానికి మద్దతు ఆగిపోయి, లెక్కలు చదివే ఎన్నో పాత ప్రోగ్రాములు తిరగరాయవలసి వచ్చింది. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు విరివిగా వాడే ఒక చిన్న భాగంలో దొంగలు దూరే కంత ఉందని బయటపడింది. ప్రపంచమంతటా జావా సర్వర్లు నడిపేవాళ్ళు రాత్రికి రాత్రి తమ ఇంట్లో ఆ కంత ఉందో లేదో వెతుక్కున్నారు. కొత్త పరిశోధనకు నిధులిచ్చేవాళ్ళు దొరుకుతారు. ఈ కంతలు పూడ్చే పనికి నిధులడిగితే, "కొత్తగా ఏం కనిపెడతారు?" అన్న ప్రశ్న వస్తుంది. సైమన్స్ పదవీ విరమణ చేశాక ఆ పని మరొకరు అందుకున్నారు. ఒక్కరి చేతిమీద పెరిగిన ప్రోగ్రాముకు అదే పెద్ద గండం, అది గడిచింది.

మన దేశంలో ఈ పని చూసేది ఇన్‌కాయిస్. 1999లో హైదరాబాదులో ఏర్పడింది. సముద్రం కనబడని ఊళ్ళో సముద్రపు కచేరీ! ఆర్గో పథకంలో హిందూ మహాసముద్రపు ప్రాంతీయ కేంద్రం అదే. అక్కడా ఎర్డాప్ నడుస్తున్నది. ఉపగ్రహాలు చూపే నీటి వేడినీ, నాచు ఉన్న జాడలనూ కలిపి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను ఆ సంస్థ ప్రాంతీయ భాషల్లో మత్స్యకారులకు తెలియజేస్తున్నది. ఎత్తైన అలల హెచ్చరికలూ అక్కడి నుంచే వస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే నెలకొల్పారు.

పెంథకటలో పడవ నీళ్ళలోకి తోసేముందు వినే హెచ్చరిక వెనుక ఎక్కడో నడిసముద్రంలో తేలే ఒక పరికరం ఉంది, దాని అంకెను సరైన లోతు పక్కన రాసే ప్రోగ్రాము ఉంది, నిన్న రాత్రి ఆ ప్రోగ్రాము ఆగిపోతే లేచి మళ్ళీ నడిపించిన మనిషి ఉన్నాడు.