కోలారు గనిలో వైర్‌లెస్ శిష్యరికం

కోలారు బంగారు గనుల్లో 1965లో న్యూట్రినోల జాడ దొరికిన సంగతి చెప్పేటప్పుడు మనవాళ్లు ముందుగా గని లోతునే పొగుడుతారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగింది, పైనున్న రాయి విశ్వకిరణాలను వడకట్టింది, అందుకే ఆ పని అక్కడ కుదిరింది అంటారు. అది నిజమే గాని సగమే నిజం. లోతు దొరికినంత మాత్రాన అక్కడ ఏం వినాలో, విన్నదాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు. ఆ తెలివిడి కోలారులో పదిహేనేళ్ల పాటు పెద్దవాళ్ల నుంచి కొత్తవాళ్లకు చేతి పనిగా అందుతూ వచ్చింది. దాని వేళ్లు వైర్‌లెస్ విద్యలో ఉన్నాయని నా వాదన.

మన దేశంలో ఔత్సాహిక రేడియో (హామ్ రేడియో) 1921 నాటికే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ప్రభుత్వం ఆ లైసెన్సులన్నీ రద్దు చేసింది, యుద్ధం ముగిశాకే మళ్లీ ఇచ్చింది. హామ్‌లలో కొత్తగా చేరినవాడు మొదట రిసీవర్ కట్టుకుని వింటాడు. లైసెన్సు చేతికొచ్చాకే మాట్లాడతాడు. పక్కన కూర్చున్న అనుభవజ్ఞుడు అతనికి నేర్పేది పుస్తకంలో సగమే దొరుకుతుంది. గరగర శబ్దంలోంచి సంకేతాన్ని ఏరుకోవడం, టంకం సరిగా అతకని చోటు పసిగట్టడం, తప్పు గాలిలో ఉందా తన సెట్టులో ఉందా అని తేల్చుకోవడం చేస్తూ చేస్తూ వస్తాయి. విశ్వకిరణాలను కొలవడానికీ సరిగ్గా ఇవే కావాలి. గైగర్ కౌంటర్లను ఒకదానిపై ఒకటి పేర్చి, అన్నింటిలోనూ ఒకే క్షణాన పల్స్ వస్తేనే లెక్కలో వేసుకునే కోయిన్సిడెన్స్ సర్క్యూట్‌ను ఇటలీలో బ్రూనో రొస్సి 1930లో కట్టింది రేడియో వాల్వులతోనే.

బి.వి. శ్రీకంఠన్ ఈ దారినే కోలారుకు వచ్చారు. మైసూరు విశ్వవిద్యాలయంలో వైర్‌లెస్ ప్రత్యేకాంశంగా ఎం.ఎస్సీ. చేసి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రికల్ కమ్యూనికేషన్ విభాగంలో ఏడాది పనిచేసి, 1948లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. లోతు పెరిగేకొద్దీ విశ్వకిరణాల్లోని మ్యూయాన్లనే కణాలు ఎలా తగ్గుతాయో గనిలో కొలవమని హోమీ భాభా ఆయనకు పని అప్పగించారు. కౌంటర్లు, వాటి సర్క్యూట్లు కొని తెచ్చుకునే రోజులు కావు, సొంతంగా తయారు చేసుకోవాల్సిందే. ఆ కొలతల మీదే 1954లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. ఈ అప్పగింతలోనే భాభా గురుత్వం కనిపిస్తుంది నాకు. కొత్తవాడికి ఇచ్చిన ప్రశ్న తేలికైనది కాదు, అలాగని అతని చేతికి అందనిదీ కాదు; ఒక్కో మజిలీ దిగుతూ కొలుస్తూ పోతే దానంతట అదే పెద్ద ప్రశ్న అవుతుంది.

అయింది కూడా. 1960 తర్వాత జపాన్ నుంచి వచ్చిన ఎస్. మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఆ కొలతలను గని అట్టడుగు మజిలీల దాకా తీసుకెళ్లారు. రాతి వేడి 60 డిగ్రీలు దాటే గని అది. రాళ్లు ఉన్నట్టుండి పేలే ప్రమాదమూ ఉండేది. అన్నిటికంటే లోతైన చోట సుమారు రెండు నెలలు కాచుకున్నా ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. సున్నా వచ్చినప్పుడే అసలు పరీక్ష. పరికరం పాడైందా, లేక కిరణాలే ఇక్కడికి చేరడం లేదా? తన చేత్తో కట్టి, తన చేత్తో బాగుచేసుకున్నవాడే ఆ సున్నాను ధైర్యంగా నమ్మగలడు. వాళ్లు నమ్మారు. ఇంత నిశ్శబ్దం ఉన్న చోట అరుదైన న్యూట్రినోను కూడా వినవచ్చన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

లోతే అసలు కారణం అనేవారు దక్షిణాఫ్రికాను చూపిస్తారు. అదే 1965లో అక్కడి ఈస్ట్ రాండ్ బంగారు గనిలో ఫ్రెడ్రిక్ రైన్స్ బృందానికీ న్యూట్రినోలు దొరికాయి. కోలారు వ్యాసం ఆగస్టు 15న అచ్చయింది, రైన్స్‌ది రెండు వారాల తర్వాత వచ్చింది. అయితే తొలి సంకేతం ముందుగా చూసింది రైన్స్ బృందమే. ఈ పోలిక నా వాదనను దెబ్బతీయదు. రైన్స్ 1956లోనే క్లైడ్ కోవన్‌తో కలిసి రియాక్టర్ దగ్గర న్యూట్రినోను పట్టుకున్న మనిషి. ఆయన అనుభవాన్ని వెంటబెట్టుకుని గనిలోకి దిగారు, కోలారు వాళ్లకు ఆ అనుభవం గనిలోనే పోగైంది. డరమ్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్నాల్డ్ వుల్ఫెన్‌డేల్ బృందం రాకపోతే ఇది జరిగేదా అన్న ప్రశ్న మరింత గట్టిది. వాళ్ల ఫ్లాష్ ట్యూబుల నైపుణ్యం నిజంగానే కీలకం. కానీ ఏ లోతున ఎంత నిశ్శబ్దం ఉంటుందో తెలిపే కొలతలు చేతిలో లేకపోతే ఆ ట్యూబులు ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుస్తుంది?

ఈ శిష్యరికానికి ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. 1965 వ్యాసం మీద పదకొండు మంది పేర్లున్నాయి, అందరూ శాస్త్రవేత్తలే. తరతరాలుగా ఆ సొరంగాలు తవ్విన తమిళ, తెలుగు కార్మికులు లేకపోతే ఏ కౌంటరూ ఆ లోతుకు చేరేది కాదు. రాయి ఎప్పుడు అలుగుతుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివిడిని ఏ పత్రికా అచ్చువేయలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాక అది నేర్చుకునే కొత్తవాళ్లూ లేకుండా పోయారు.

శాస్త్రవేత్తల గొలుసు మాత్రం తెగలేదు. 1980 దశకంలో కోలారులో 140 టన్నుల ఇనుప పరికరంతో ప్రోటాన్ క్షయం కోసం వెతికిన బృందంలో యువకుడిగా పనిచేసిన నబ మండల్ తర్వాత ఇండియా బేస్డ్ న్యూట్రినో అబ్జర్వేటరీకి సారథి అయ్యారు. తమిళనాడు తేని జిల్లా కొండలో దానికి సొరంగం ఇంకా తవ్వనేలేదు, అయినా విద్యార్థుల శిక్షణ 2008లోనే మొదలైంది.