మొలకతో మొదలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో కొత్తవారి స్థానం



స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్ర అనగానే 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1991లో లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ గుర్తుకు వస్తారు. అయితే ఇటువంటి ఉమ్మడి పని ఆద్యుల వల్ల మాత్రమే నిలవదు. తరువాత వచ్చినవారికి చేయదగిన చిన్న పని దొరకాలి. ఈ విషయాన్ని అరకులోయ ఉదాహరణతో పరిశీలిద్దాం.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానిని నడిపే మీడియావికీ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అక్కడ అసంపూర్ణంగా ఉన్న చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. సభ్యులు చర్చించుకునే చోటు ‘రచ్చబండ’. మొలక అన్న గుర్తు చూడగానే ఇక్కడ పని మిగిలి ఉందని కొత్తవారికి తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పథకాలలో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే గుర్తు ఉద్దేశమూ ఇటువంటిదే.

మన్యం గ్రామాల పేజీలు తెరిచి చూడండి. 2011 జనగణన నుంచి తీసుకున్న ఇళ్లు, జనాభా, విస్తీర్ణం వంటి అంకెలు కనిపిస్తాయి. వారపు సంత, గెడ్డ, ఊరి పేరు వెనుక ఉన్న కథ కనిపించడం అరుదు. 2022 ఏప్రిల్ 4న అరకులోయ విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. అటువంటి మార్పు జరిగినప్పుడు ప్రతి ఊరి పేజీలోనూ జిల్లా పేరు సరిచూడాలి. ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఈ పని చేయగలరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వికీపీడియా ప్రచురితమైన ఆధారం అడుగుతుంది. కువి, గదబ, పోర్జ మాట్లాడే ఊళ్ల చరిత్ర చాలావరకు పెద్దల నోటనే ఉంది. ఆధారం చూపని వాక్యాన్ని తొలగిస్తే నిరుత్సాహపడకండి. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతి వేరు. స్వయంగా చూసి తెలుసుకున్నది అక్కడ చెల్లుతుంది. మీ ఊరి బాటను, బడిని, గెడ్డను సరైన పేరుతో పటంలో చేర్చవచ్చు. ఇతర పటాల నుంచి మాత్రం నకలు చేయకూడదు. కొండ ప్రాంతపు విద్యార్థికి ఇది సులువైన తొలిమెట్టు.

ఏ పథకాన్ని ఎంచుకున్నా మూడు సంగతులు చూడండి. కొత్తవారి కోసం గుర్తుపెట్టిన పనులు ఉన్నాయా? ఇటీవల పని జరిగిందా? కొత్తవారి ప్రశ్నలకు జవాబు వస్తున్నదా? మూడవది లేకపోతే, మొదటి రెండూ ఉన్నా మరో పథకం వెతుక్కోండి.

మీ ఊరి గురించి మీరు రాయకపోతే, ఇతరులు చేర్చిన అంకెలే దాని చరిత్రగా మిగులుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఊరి పేజీలో ఒక లోపాన్ని గుర్తించండి. దానిని సరిదిద్దడానికి ఏ ఆధారం చూపగలరో అయిదు వాక్యాలలో రాయండి.