తామరాకు గరుకు

పొద్దు పొడిచి పావుగంటయింది. చెప్పులు గట్టు మీద వదిలి మీరు చెరువులోకి దిగారు. మోకాళ్ల దాకా నీళ్లు, కాలివేళ్ల సందుల్లో మెత్తగా బురద. కలువాకులు నీటిని అంటుకుని పడుకున్నాయి. తామరాకులు మాత్రం గొడుగుల్లా లేచి నిలబడ్డాయి. ఒక కాడ పట్టుకోండి. సన్నటి ముళ్లు అరచేతిని గీరుతాయి.

వారంగా వాన లేదు. గట్టు మీద ట్రాక్టర్లు రేపిన ఎర్రదుమ్ము ఆకు మీద పల్చగా పరుచుకుంది. దోసెడు నీళ్లు తీసి పైన చిలకరించండి. బొట్లు పాదరసంలా గుండ్రబడి దొర్లుతున్నాయి. దొర్లినంత మేరా పచ్చటి చార. ఆకు కాస్త వంచారు. ఎర్రబడ్డ బొట్టు అంచు దాటి నీళ్లలో పడింది.

నున్నగా ఉంటేనే శుభ్రమని ఇంట్లో గచ్చు చూసి నేర్చుకున్నాం. కానీ 1970లలో జర్మనీలో వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్ట్‌లాట్‌కి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర తిరకాసు ఎదురైంది. నున్నటి ఆకుల్ని కడిగితే తప్ప చూడలేకపోయేవారు. మైనం పొడి పట్టిన గరుకు ఆకులకు ఆ అవసరమే రాలేదు. క్రిస్టాఫ్ నైన్‌హుయిస్‌తో కలిసి 1997లో ఆ గుట్టు వివరించారు.

ఆ మైక్రోస్కోప్‌లో మీరూ తొంగిచూడండి. తామరాకంతా బొడిపెలే. ఒక్కోటి సుమారు 10 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో పదోవంతు. బొడిపెల మీద మళ్లీ మైనపు నూగు. సందుల్లో గాలి. నీటిబొట్టు ఆ కొసల మీదే ఆగుతుంది. దుమ్ముకణానికీ కొసలే ఆధారం. అందుకే దానికి ఆకు మీదకన్నా నీటి మీద పట్టెక్కువ.

నమ్మకం కుదరకపోతే ఆకు అంచును నీళ్లలో ముంచండి. వెండిరేకులా మెరుస్తుంది. ఆ మెరుపు సందుల్లో చిక్కిన గాలిది. పైకి తీస్తే పొడిగానే ఉంది. ఇప్పుడు బొటనవేలితో ఒకచోట గట్టిగా రుద్ది, బొట్టు వేయండి. ఈసారి దొర్లదు, మరకలా పరుచుకుంటుంది. మైనం మీ వేలికి అంటింది.

ఈ కిటుకుతోనే 1999లో గోడల రంగు బజారుకొచ్చింది. వాన పడితే గోడ దుమ్ము దానంతటదే కొట్టుకుపోవాలని. కానీ గరుకు అరిగితే గోడకు మళ్లీ సున్నంవాడే రావాలి. చెరువులో మీ మోకాలి పక్కనే, బురదలోంచి చుట్టచుట్టుకుని ఇంకో ఆకు లేస్తోంది, తన గరుకు తానే తెచ్చుకుని.

గట్టెక్కారు. మీ కాళ్ల బురద మాత్రం రెండు చెంబులు పోసినా వదల్లేదు.