రంగు సిరాతో కార్డులకు నేపథ్యం: ఏ కాగితానికి ఏ పద్ధతి?

ఉగాదికో, ఉపాధ్యాయ దినోత్సవానికో కార్డు చేస్తామని పిల్లలు అడుగుతారు. ఇంట్లో ఉన్న నోట్‌బుక్కు పేజీ చింపి రంగు పోస్తారు. అది ఉబ్బి ముడతలు పడుతుంది. ఆరాక దాని మీద "అమ్మమ్మకు" అని స్కెచ్ పెన్నుతో రాస్తే 'మ' కింద ఒత్తు పాకి మచ్చ అవుతుంది. పిల్లవాడేమో తనకు బొమ్మలు రావనుకుంటాడు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, కాగితానిది.

మన కమఠాణ పిల్లలు బీదర్ బిద్రీ పాత్రలు చూసే ఉంటారు. జింకు, రాగి కలిసిన లోహంలో వెండి తీగ పొదుగుతారు. తర్వాత కోట మట్టి, నవాసాగరం కలిపిన నీళ్లలో పెడితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఆ నలుపు వెండి గీత కనపడడానికే. కార్డు నేపథ్యం కూడా అంతే. దాని పని మనం రాసే అక్షరాన్ని చూపించడం.

ముందు కాగితాన్ని పరీక్షించండి

కాగితం అంటే నారల అల్లిక. అది సిరాను పీల్చేయకుండా తయారీలోనే ఒక రకం జిగురు పట్టిస్తారు. దీన్ని సైజింగ్ అంటారు. పూర్వం మన దేశంలో చేతి కాగితానికి గంజి పట్టించి, నున్నటి రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. కలం గీత పాకకూడదనే ఈ శ్రమంతా.

పరీక్ష సులువు. కాగితం మూలన ఒక నీటి చుక్క వేయండి. చుక్క కొంతసేపు పైనే నిలబడితే జిగురు బాగా ఉన్నట్టు. వెంటనే ఇంకి వెనక తడి కనిపిస్తే జిగురు తక్కువ.

రెండోది బరువు. ప్యాకెట్ మీద జీఎస్ఎం అని ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. 16 ఏ4 షీట్లు కలిపితే ఒక చదరపు మీటరు. కాబట్టి 80 జీఎస్ఎం ఏ4 షీటు బరువు 5 గ్రాములే. 300 జీఎస్ఎం షీటు దాదాపు 19 గ్రాములు. బరువు పెరిగేకొద్దీ ముడత తగ్గుతుంది.

ఏ కాగితం ఎలా ఉంటుంది?

- జిరాక్స్ కాగితం, నోట్‌బుక్కు పేజీ: నీళ్లు పోయొద్దు. స్పాంజి ముక్కను సిరాలో ముంచి, బాగా పిండి, అద్దండి.
- డ్రాయింగ్ షీటు: 150 జీఎస్ఎం దాటితే ఒకటి రెండు పూతలు తట్టుకుంటుంది. నాలుగు అంచులూ టేపుతో అట్టకు అంటించి రంగు వేయాలి. పూర్తిగా ఆరాకే టేపు తీయండి.
- వాటర్‌కలర్ కాగితం: 300 జీఎస్ఎం అయితే తడి మీద తడి రంగు వేయొచ్చు. ధర ఎక్కువ. ఒక షీటును కార్డులకు సరిపడా ముక్కలు చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది.
- చేతి కాగితం: మందంగా కనిపిస్తుంది గానీ చాలా రకాల్లో జిగురు తక్కువ, సిరా ఈకల్లా పాకుతుంది. పలచటి మైదా గంజి ఒక పూత వేసి ఆరనిస్తే పాకడం తగ్గుతుంది. గంజిలో మైలుతుత్తం కలపొద్దు, అది విషం.
- పెళ్లి పత్రికలు: మెరిసే వైపు సిరా నిలవదు, వేలితో తుడిస్తే వస్తుంది. గరుకు వైపు వాడండి.
- బ్రౌన్ పేపరు, నల్ల చార్టు: పలచటి సిరా వీటి మీద కనపడదు. తెల్ల పోస్టర్ కలరు గానీ వెండి రంగు జెల్ పెన్ను గానీ వాడితే బిద్రీ పనిలా ఉంటుంది.

చేసే పద్ధతి

1. పాత చొక్కా వేసుకోండి. సిరా యూనిఫారానికి అంటితే వదలడం కష్టం. తినే గిన్నెల్లో రంగు కలపొద్దు.
2. సిరాను నీళ్లతో పలచన చేసి, అదే కాగితం చిన్న ముక్క మీద వేసి చూడండి. ఆరాక రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది.
3. కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో సమంగా తడపండి. మెరుపు ఉండాలి, మడుగు కట్టకూడదు.
4. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. రెండు రంగులు చాలు. మూడు నాలుగు కలిస్తే బురద రంగు వస్తుంది.
5. రాయాల్సిన చోట తడి ఉండగానే టిష్యూతో అద్ది రంగు తీసేయండి.
6. నేల మీద పరిచి ఆరబెట్టండి. వేలాడదీస్తే రంగు కిందికి జారుతుంది. ఎండాకాలంలో తడి త్వరగా పోతుంది కాబట్టి రంగులన్నీ ముందే కలిపి పెట్టుకోండి. వానాకాలంలో రాత్రంతా వదిలేయండి.

తడి మెరుపు పోకముందే కల్లుప్పు చల్లితే ఉప్పు చుట్టూ నక్షత్రాల్లాంటి గుర్తులు పడతాయి. ఆరాక దులపాలి. నలిపిన ప్లాస్టిక్ కవరు పరిచి ఆరాక తీస్తే పగిలిన రాయిలా గీతలు వస్తాయి. మబ్బుల్లాంటి రంగు కాగితం మన దక్కనుకు కొత్త కాదు. 17వ శతాబ్దంలో బీజాపూర్ వైపు చిత్రకారులు అబ్రీ అనే కాగితంతో బొమ్మలు చేశారు. పారసీలో అబ్ర్ అంటే మబ్బు.

కొవ్వొత్తితో గీసి పైన రంగు వేస్తే మైనం ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. కానీ రాసే చోట మైనం రాయకండి, పెన్ను కూడా పట్టదు.

దాని మీద రాయడం

తెలుగైనా కన్నడమైనా మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. వరసల మధ్య చోటు ఎక్కువ వదలాలి. స్కెచ్ పెన్ను, మార్కరు పాకే కాగితం మీద బాల్ పెన్ను వాడండి. లేత నేపథ్యం మీద ముదురు అక్షరం, ముదురు నేపథ్యం మీద తెల్ల అక్షరం. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే చదవగలగాలి. చదవలేకపోతే, రాసిన తెల్ల చీటీని నేపథ్యం మీద అంటించండి.

పాడైతే

ముడత పడితే వెనక వైపు కొద్దిగా తడిపి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, మీద బరువైన పుస్తకాలు ఒక రాత్రి ఉంచండి. రంగు చెడిన షీటును పారేయకండి. బాగున్న భాగం పువ్వులుగా, బుక్‌మార్కులుగా కత్తిరించుకోవచ్చు. సీసా రంగు సిరాలు చాలావరకు ఎండకు వెలుస్తాయి, కార్డును కిటికీ దగ్గర పెట్టొద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి షీటు పాడైతే పిల్లల్ని కోప్పడకండి. రెండో షీటు ఇచ్చేముందు వాళ్లతోనే ఆ నీటి చుక్క పరీక్ష చేయించండి.