కొత్త ఇంజను - తొలి బరువు

చంద్లాపూర్ కట్టమీద నిలబడి చూస్తే నీటి నడుమ రంగనాయకస్వామి గుట్ట ద్వీపంవలె కనబడుతుంది. సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలంలోని ఈ ఊరివద్ద కట్టిన రంగనాయకసాగరంలోనికి 2020 ఏప్రిల్ 24న గోదావరి జలాన్ని విడిచినారు. మూడు టి.ఎం.సి.ల జలాశయమది. దానికి నీరెత్తే మోటార్లు నాలుగు. ఒక్కొక్కదాని శక్తి 134.4 మెగావాట్లు. నీరు వచ్చిన చోటికి దుక్కి వస్తుంది. దుక్కి వెంట ట్రాక్టరు వస్తుంది. ట్రాక్టరు వెనుక ట్రాలీ రాక తప్పదు. కొత్త ట్రాక్టరుకు ఆ ట్రాలీని ఎప్పుడు తగిలించాలి, దానిలో ఎంత బరువు వేయాలి అన్నదే నేటి ప్రసంగ విషయం. ప్రశ్న చిన్నదే కాని, దాని వెనుక మూడువందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

ఒక రైతు అప్పుచేసి ట్రాక్టరు కొన్నాడనుకొందాం. బండికి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చినాడు. కోతల రోజులు. కల్లంలో ధాన్యం రాశిగా ఉన్నది. ఆకాశంలో మబ్బు ఉన్నది. బ్యాంకు వాయిదా దగ్గర పడుతున్నది. బండితో ఇచ్చిన పుస్తకమేమో తొలి యాభై గంటలు ఇంజనుపై అధిక భారం మోపవద్దంటున్నది. “బరువు లాగడానికే గదా కొన్నది, లాగవద్దంటే ఎట్లా?” అని ఆయన అడిగితే తప్పు పట్టలేము. పుస్తకం ఆజ్ఞ ఇస్తుంది కాని, కారణం విప్పి చెప్పదు. ఆ కారణాన్ని చరిత్రలో వెదకాలి.

1712లో ఇంగ్లండులో థామస్ న్యూకమెన్ నిర్మించిన ఆవిరి యంత్రం గనులలోని నీటిని తోడిపోసింది. ఆనాడు సిలిండరును నిక్కమైన గుండ్రదనంతో తొలిచే విద్య లేదు. పిస్టనుకూ గోడకూ నడుమ ఉండే సందును తోలుతో మూసి, పైన నీరు నిలిపి సరిపెట్టుకొన్నారు. జేమ్స్ వాట్ 1769లో మేలైన యంత్రానికి పేటెంటు పొందినప్పటికీ, ఈ సందు ఆయనను ఏండ్ల తరబడి వేధించింది. 1775లో జాన్ విల్కిన్సన్ సిలిండర్లను తొలిచే కొత్త యంత్రాన్ని సిద్ధం చేసిన తరువాతనే వాట్ ఊహ కార్యరూపం ధరించింది. 1852లో జాన్ రామ్స్‌బాటమ్ ఒకచోట తెగిన లోహపు వలయాన్ని పిస్టనుకు తొడిగినాడు. తన బిగువుతో తానే గోడను ఒత్తుకొని ఉండే ఈ ‘రింగు’ నేటికీ ప్రతి ఇంజనులోనూ ఉన్నది.

అయితే ఎంత నేర్పుగా చేసినా రింగు అంచు, సిలిండరు గోడ మొదటి రోజే అణువణువునా కలిసిపోవు. కంటికి నున్నగా తోచే గోడపై సన్నని గీతలు అడ్డదిడ్డంగా ఒకదానినొకటి ఖండించుకొంటూ ఉంటాయి. నూనె నిలవడానికి వాటిని కావాలనే గీస్తారు. ఆ గీతల అంచులలోని సూక్ష్మమైన మిట్టలను రింగు మొదటి గంటలలో అరగదీస్తుంది. తానూ కొంత అరుగుతుంది. చివరకు రెండూ ఒకదానికొకటి ఒదుగుతాయి. ఇంగ్లీషులో రన్నింగ్-ఇన్ అనేది ఈ ఒదుగుబాటునే. ఈ దశలో రాపిడి ఎక్కువ, రాపిడితోపాటు వేడి ఎక్కువ. ఆ సమయంలోనే నిండు ట్రాలీని తగిలించి ఎత్తు ఎక్కిస్తే, మిట్టలున్న చోట నూనెపొర తెగి, లోహం లోహాన్ని గీరుతుంది. అట్లా పడిన గీరలు మానవు. నూనె మండటం, పొగ రావడం, బలం తగ్గడం తరువాత కనబడే లక్షణాలు.

కాని కథకు రెండవ ముఖం కూడా ఉన్నది. బరువు వద్దన్నారని ఇంజనును ఊరకే నిలబెట్టి నడిపిస్తే మేలు కలుగదు. రింగును గోడకు ఒత్తేది దాని బిగువు ఒక్కటే కాదు; మండిన వాయువు దాని వెనుకకు చేరి బయటికి నెడుతుంది. పని లేనిచోట ఆ ఒత్తిడి చాలదు. నూనె గోడపై మాడి, అద్దంవలె నున్నని పొరగా పేరుకొంటుంది. దానిపై రింగు జారుతుందే కాని ఒదగదు. డీజిలు ఇంజనుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కావున పుస్తకం కోరేది విశ్రాంతి కాదు, మితమైన శ్రమ.

మన దేశంలో ఈ నియమం మోటారు వెంటనే వచ్చినది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించినప్పుడు ఇంజన్లు విదేశాలవి. జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ ట్రక్కుల తయారీ 1954లో మొదలయింది. ఫరీదాబాదునుండి ఐషర్ వారి దేశీయ ట్రాక్టరు 1959లో వెలువడినది. తెలంగాణలోనే జహీరాబాదులో మహీంద్రా వారి ట్రాక్టరు కర్మాగారం ఉన్నది. ఇంజను పుట్టిన చోటు మారినా ఈ నియమం మారలేదు. ఆ కాలపు ఇంగ్లండులో కొత్త కారు యజమానులు ‘ఇంజను ఒదుగుతున్నది, దయచేసి దాటిపొండి’ అనే అర్థం వచ్చే కాగితాన్ని వెనుక అద్దానికి అంటించుకొని మెల్లగా సాగేవారు. నలుగురిలో నెమ్మదిగా పోవడానికి ఆ కాగితం ఒక అనుమతిపత్రం.

నేడు యంత్రాల పనితనం పెరిగింది, సిలిండరు గోడలు కర్మాగారంలోనే చాలవరకు సిద్ధమవుతున్నవి, నూనెలు మెరుగుపడినవి. అయినా నియమం పూర్తిగా తొలగలేదు. అమెరికాలో కొన్ని కొత్త ట్రక్కుల పుస్తకాలు మొదటి 500 మైళ్లు, అనగా సుమారు 800 కిలోమీటర్లు, వెనుక ట్రైలరు తగిలించవద్దని నేటికీ చెబుతున్నవి. అది ఇంజను ఒక్కదాని కొరకే కాదు. వెనుక ఇరుసులోని పళ్లచక్రాలు కూడా ఒకదానితో ఒకటి ఒదగాలి. వెనుక తగిలించిన బరువంతా లాగేది ఆ పళ్లే గదా.

కోడెను కాడికి మప్పిన రైతుకు ఇందులో వింత తోచదు. తొలినాడే దానిని నిండుబండికి కట్టడు. ఊరక కొట్టంలోనూ ఉంచడు. పాత ఎద్దు జతగా కాడి మెడకెత్తి, ఒక కొయ్యదుంగ లాగించి, తరువాత తేలిక దుక్కికి తీసికొనిపోతాడు. మెడ రాటుదేలిన పిదపనే బండి. కోడె విషయంలో తాత నేర్పినదే ఇంజను విషయంలో పుస్తకం చెబుతున్నది. భాష వేరు, అంతే.

ఇక మన రైతు కల్లం మాట. ఆయన ధాన్యం మబ్బుకింద ఆగదు. ఆ వారం ఇరుగుపొరుగువారి పాత ట్రాక్టరును బదులడిగి ధాన్యం తోలించి, ఆ బదులును తరువాత తన కొత్తదానితో తీర్చుకోవచ్చును. లేదా, ట్రాలీని సగమే నింపి, సమమైన బాటలో, పెద్ద గేరులో ఇంజను మూలగకుండా, వేగాన్ని మారుస్తూ నడుపవచ్చును. బురదపొలంలో ఇనుప చక్రాల దుక్కిని కొన్నాళ్లు ఆపి, మెత్తని మెట్టలో తేలిక పని చేయించవచ్చును. రోజూ నూనె, నీరు చూడాలి. గంటల మీటరు యాభై చూపే వేళకు తొలి సర్వీసు చేయించి, పుస్తకం చెప్పినట్లు నూనె మార్పించాలి. ఒదుగుబాటులో రాలిన లోహపు పొడి ఆ పాత నూనెతో బయటికి పోతుంది.

వాయిదాలు తీరడానికి ఏండ్లు పడుతుంది. అంతకాలం సంపాదించి పెట్టవలసిన ఇంజనుకు మొదటి యాభై గంటలు ఓర్పుగా కేటాయించడం నష్టం కాదు.