పెట్టెలో పుట్టిన రెండు గీతలు

ముప్పై ఏళ్లు టీవీల మూతలు విప్పి బతికినవాణ్ణి. కలర్ టీవీలో ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ ఒకటుండేది, 24సీ02. ఛానళ్లు, వెలుతురు, రంగు అన్నీ దాని జ్ఞాపకంలోనే. అది పోయిందంటే టీవీ పొద్దున్నే అన్నీ మరిచి కూర్చునేది. దానికీ మెయిన్ ఐసీకీ మధ్య నడిచేవి రెండే గీతలు, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. ఒకదాని మీద మాట, రెండోదాని మీద తాళం.

ఆ పద్ధతి పేరు ఐ2సీ. 1982లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చారు, పెట్టెలోపలి ఐసీల మధ్య తీగల గుంపు తగ్గించడానికి. ప్రతి ఐసీకీ ఏడు బిట్ల నంబరుంటుంది. మెయిన్ ఐసీ నంబరు పెట్టి పిలిస్తే, ఆ నంబరు గలది తొమ్మిదో తాళానికి గీతను కిందికి లాగి ‘ఆఁ’ అంటుంది. మిగతావి నోరెత్తవు.

టీవీల పని పల్చబడ్డాక ఆర్డుయినో బోర్డులు పట్టాను. ట్యాంకు నిండగానే మోటారు ఆగేలా డాబా మీద ట్యాంకు దగ్గరొకటి, కింద మోటారు దగ్గరొకటి పెట్టి, చేతికి అలవాటైన ఆ రెండు గీతలతోనే కలిపాను. బల్ల మీద బ్రహ్మాండంగా నడిచింది. పన్నెండు మీటర్ల తీగ లాగాక మాత్రం స్టార్టర్ టక్కుమనగానే కింది బోర్డు బిగుసుకుపోయింది. మోటారు ఆగలేదు. ట్యాంకు పొంగి పక్కింటి డాబా మీద వడియాలన్నీ పిండిపిండి అయ్యాయి. తప్పు నాదే. ఆ గీతలు మోయగలిగింది 400 పికోఫారడ్లేనని డేటాషీటులోనే ఉంది. తీగ సాగేకొద్దీ ఆ బరువు పెరిగి, నిటారుగా లేవాల్సిన పల్సు జారుడుబల్ల అవుతుంది. దాని మీద స్టార్టర్ రొద కూడా పడితే ఇక చెప్పేదేముంది!

ఇంటి దూరాల సంగతి అంతకుముందే ఆలోచించినవాళ్లున్నారు. 1975లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఎక్స్10 అనే పద్ధతి తయారుచేశారు. వేరే తీగే అక్కర్లేదు. ఏసీ కరెంటు సున్నా దాటే క్షణం చూసి, అదే తీగ మీద 120 కిలోహెర్ట్జ్ కూత పెడతారు. 16 అక్షరాలు, 16 అంకెలు, మొత్తం 256 చిరునామాలు. కాకపోతే తొలిరోజుల్లో జవాబు లేదు. దీపం వెలిగిందో లేదో అదేం చెప్పదు. ట్యాంకు నిండిందన్న కబురే కావాల్సిన నాకు దాంతో ఏం పని?

చివరికి గట్టెక్కించింది 1983 నాటి ఆర్‌ఎస్-485. ఇందులోనూ రెండు తీగలే, కాని ఒకదానికొకటి మెలిపెట్టినవి. రెంటి మధ్య వోల్టేజీ తేడాయే మాట. మోటారు రొద రెంటి మీదా ఒక్కలాగే పడుతుంది కాబట్టి తేడా చెడదు. 1200 మీటర్ల దాకా పోతుందట, మా డాబా ఎంత! రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టర్లు పెట్టి వదిలేశాను.

తీగలన్నీ పీకేసి వైఫై పెడదాం నాన్నా అంటాడు మా అబ్బాయి. పెట్టనీ. ట్యాంకు నిండి మోటారు ఆగితే కింద ఎర్ర లైటు రెండుసార్లు ఆరి వెలుగుతుంది, నాకది చాలు. పక్కింటావిడ మాత్రం ఇప్పటికీ మా ట్యాంకు వైపు వడియాలు పెట్టదు.