ఆంగ్ల సూక్తులు - పరీక్షాపత్రాలు

ఒక పద్యపాదమో వాక్యమో ఇచ్చి, ఇది ఎవరు రచించినది, ఏ గ్రంథంలోనిది అని అడగడం సాహిత్యజ్ఞానాన్ని కొలిచే మార్గాలలో మిక్కిలి సులభమైనది. ఆంగ్ల సాహిత్యం విషయంలో ఈ కొలతకు మన దేశంలో ప్రత్యేకమైన చరిత్ర ఉన్నది. ఆక్స్‌ఫర్డులో ఆ సాహిత్యం ప్రత్యేక పట్టపరీక్షకు అర్హత పొందడానికి అర్ధశతాబ్దం ముందే భారతదేశంలో అది ఉద్యోగార్హతకు గీటురాయి అయింది.

1835లో బెంటింకు ప్రభుత్వం మెకాలే అభిప్రాయాన్ని ఆమోదించి, విద్యకై కేటాయించిన ధనాన్ని ఆంగ్లవిద్యకు మళ్లించింది. 1844 అక్టోబరు 10న గవర్నరు జనరలు హార్డింజి చేసిన తీర్మానం, ఆ చదువులో విశిష్టత చూపినవారికి ప్రభుత్వ కొలువులలో ప్రాధాన్యమిచ్చింది. అప్పటికే కలకత్తా హిందూ కళాశాలలో కెప్టెను డి. ఎల్. రిచర్డ్‌సను షేక్‌స్పియరు నాటకాలను చదివి చెప్పే తీరు విఖ్యాతమై ఉన్నది. విద్యార్థులకై ఆయన కూర్చిన ఆంగ్లకవుల బృహత్సంకలనం 1840లో వెలువడింది. కావ్యాస్వాదమూ జీవనోపాధీ ఒకే పుస్తకంలో కలిసిన కాలమది.

1853 చట్టం సివిలు సర్వీసును పోటీకి తెరిచింది. మరుసటి సంవత్సరం మెకాలే అధ్యక్షతన ఒక సంఘం పరీక్షాప్రణాళికను రూపొందించింది. 1855లో లండనులో తొలిపరీక్ష జరిగింది. సంఘం సూచించిన మొత్తం మార్కులు 6,875. అందులో ఆంగ్లరచన, చరిత్ర, సాహిత్యాలకు కలిపి 1,500. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. పరిపాలించబోయే ప్రజల వాడుక భాషలకు ఆ పోటీలో తావు లేదు. అవి ఎంపికైన పిదప నేర్చుకొనవలసినవి. పైపై జ్ఞానానికి మార్కులు ఇవ్వరాదని ఆ సంఘమే హెచ్చరించింది. కాని మార్కులున్న చోటికి బట్టీపాఠం రాకుండా ఆపగల హెచ్చరిక ఏది?

అదే 1855లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో జాన్ బార్ట్‌లెట్ అనే పుస్తకవిక్రేత ప్రసిద్ధ సూక్తుల సంకలనాన్ని ప్రచురించాడు. పదహారవ ఏట చదువు చాలించిన ఈయన, ఏ వాక్యం ఎవరిదో తెలియని విద్యార్థులకూ ఆచార్యులకూ దిక్కయ్యాడు. 258 పుటలు, 169 మంది రచయితలు గల ఆ చిన్న పుస్తకం తరతరాలుగా పెరుగుతూ వచ్చింది. ఆంగ్ల సాహిత్యాన్ని ముక్కలుగా గుర్తుంచుకొనే అలవాటుకు అది కోశం వంటిది.

ఇంగ్లండులో మాత్రం సందేహం చాలాకాలం తీరలేదు. 1887లో ఆక్స్‌ఫర్డు చరిత్రాచార్యుడు ఫ్రీమన్, అభిరుచిని పరీక్షించడం సాధ్యం కాదని వాదించి ఆంగ్ల సాహిత్య విభాగాన్ని ప్రతిఘటించాడు. 1894లో గాని ఆక్స్‌ఫర్డు, 1917లో గాని కేంబ్రిడ్జి దానికి ప్రత్యేక పట్టపరీక్ష ఏర్పరచలేదు.

ఫ్రీమన్ సందేహం పూర్తిగా నిరాధారం కాదు. ‘ఒథెల్లో’ మూడవ అంకంలో మంచిపేరు మనిషికి పరమధనమని బోధించే ప్రసంగం సూక్తిసంకలనాలన్నిటా కనిపిస్తుంది. పలికినవాడు ఇయాగో. అంతకు ముందు అంకంలోనే, పేరుప్రతిష్ఠలు వట్టి భ్రమ అని కాసియోకు నచ్చజెప్పిన వంచకుడతడు. ఇది షేక్‌స్పియరు వాక్యమని వ్రాసిన విద్యార్థికి మార్కు దక్కుతుంది. ఆ నీతి ఒక విషపాత్రమీది మూత అని గ్రహించిన విద్యార్థికి నాటకం దక్కుతుంది. ఇక సంగీతమహిమను గూర్చి కాంగ్రీవు 1697 నాటి నాటకంలో వ్రాసిన వాక్యాన్ని షేక్‌స్పియరుకు అంటగట్టేవారు నేటికీ ఎందరో! మనవారు ఎవరివో తెలియని చాటువులను శ్రీనాథునికో తెనాలి రామకృష్ణునికో కట్టబెట్టడం వంటిదే ఇదీ.

1857లో మదరాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ పరీక్షలు తెలుగునాటా వేళ్లూనాయి. అయినా ఆంగ్ల గ్రంథాలన్నీ పరీక్షాపత్రాలలోనే అంతరించలేదు. గోల్డుస్మిత్తు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ను ఆధారం చేసుకొని కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ వ్రాశారు. అది 1880లో గ్రంథరూపం దాల్చింది. గోదావరీతీరపు ఇల్లు, బంధువర్గం, జ్యోతిష్కులు, రసవాదులు అందులో ప్రవేశించగా కథ మనదయింది. ఒక గ్రంథం తెలియడమంటే ఏమిటో ఆ రచన చూపినట్లు ఏ జవాబుపత్రమూ చూపలేదు.

నేడు మన తెలుగు కావ్యాలనూ ఇదే త్రాసులో తూస్తున్నాం. సందర్భసహిత వ్యాఖ్య అడిగే పాతపద్ధతిలో, పలికినది ఎవరు, ఎవరితో, ఎందుకు అనే ప్రశ్నలైనా మిగిలి ఉండేవి. కవి పేరుకు ఎదురుగా గుర్తు పెట్టి ఊరుకొనే పరీక్షలో అవి కూడా మిగలవు. కవి పేరు ఇంటి గుమ్మం వంటిది. గుమ్మాన్ని గుర్తించినవాడు ఆ ఇంట కాపురమున్నాడని అనుకోరాదు.